సంచుల అడుగున మిగిలిన నీళ్ళు

ఆ ఇంట్లో భోజనాల బల్ల దగ్గర నీళ్ళ గురించి మాట్లాడకూడదు. దాహమేస్తే గ్లాసు అందుకోవచ్చు, వంటింటి కుళాయి కారుతోందని సణుక్కోవచ్చు. ల్యాబులో ఉన్న నీళ్ళ ఊసు మాత్రం ఎత్తకూడదు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఆ నీళ్ళ పనే చేస్తారు. ఒకరు ఏం చేస్తున్నారో ఇంకొకరికి తెలియకూడదు. ఈ ఏర్పాటు అత్తగారికి బొత్తిగా మింగుడుపడలేదు.

"ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే కార్లో వెళ్తారు, ఒకే గేట్లోంచి లోపలికి పోతారు. ఒకరికొకరు చెప్పుకోకూడని పనేంట్రా అది? దొంగతనమా?" అని కొడుకుని నిలదీసింది.

"న్యూట్రినోలమ్మా," అన్నాడు కొడుకు.

"కనిపిస్తాయా?"

"కనిపించవు."

"తగిలితే తెలుస్తుందా?"

"తగలనే తగలవు. ఇప్పుడు కూడా నీలోంచి కోట్ల కొద్దీ పోతున్నాయి."

"నాకే తెలియకుండా నాలోంచి పోయేవాటి గురించి మీరు నా దగ్గరా, ఒకరి దగ్గరొకరూ దాచుకోవడం! బావుందిరా అబ్బాయ్ సంబడం."

కోడలు నవ్వాపుకోలేక గ్లాసు కింద పెట్టేసింది. ఆమె భర్తని పెళ్ళికి ముందు నుంచీ బావా అనే పిలుస్తుంది, ల్యాబులో మాత్రం అందరి ముందూ మీరు అంటుంది. ల్యాబులో వాళ్ళు ఆమెను పిలిచే పేరు వేరు. ఎవరో కుర్రకారు సరదాకి పెట్టిన 'తీసివేతమ్మ' అన్న పేరు అంటుకుపోయి, చివరికి పెద్దాయన కూడా మీటింగుల్లో "తీసివేతమ్మగారు ఏమంటారు?" అని అడిగేదాకా వచ్చింది. పెద్దాయన అంటే ఆ ప్రయోగం మొత్తానికీ అధిపతి. ఆయన జోకులు వేయడు, కాబట్టి అది జోకు అని ఆయనకు తెలియదు.

తీసివేత ఆమె పనే. న్యూట్రినో అనే కణం దేన్నీ లక్ష్యపెట్టే రకం కాదు. గోడలోంచి, కొండలోంచి, ఇనుప దిమ్మెలోంచి పలకరించకుండా పోతుంది. ఎప్పుడో, కోట్లానుకోట్లలో ఒకటి, ఒక పరమాణువు నడిమి కేంద్రకాన్ని ఢీకొంటుంది. నీళ్ళలో అలా ఎంత తరచుగా ఢీకొంటుందో ఎవరికీ గట్టిగా తెలియదు. ఎక్కడెక్కడో పెద్ద పెద్ద తొట్లలో నీళ్ళు నింపుకుని న్యూట్రినోల కోసం కాచుకున్నవాళ్ళందరికీ ఆ ఒక్క అంకె కావాలి. అది తప్పితే వాళ్ళ లెక్కలన్నీ తప్పుతాయి. అందుకని ఈ ల్యాబులో, న్యూట్రినోల్ని పుట్టించే యాక్సిలరేటర్ యంత్రం నుంచి అవి వచ్చే దారిలో లోతైన గొయ్యి తవ్వి, అందులో వాటి జాడ పట్టే డిటెక్టరు పెట్టారు. ప్లాస్టిక్ పట్టీలు వరసలు వరసలుగా పేర్చి, వరసకీ వరసకీ మధ్య నీళ్ళు నింపే పల్చటి సంచులు వేలాడదీశారు. ఢీకొన్నప్పుడు చిందిన కణాలు ప్లాస్టిక్‌లో మెరుస్తాయి, ఆ మెరుపుల్ని పరికరాలు లెక్కపెడతాయి.

అయితే న్యూట్రినో నీళ్ళనే ఢీకొనాలని రూలేమీ లేదు. ప్లాస్టిక్‌నీ కొడుతుంది, సంచినీ కొడుతుంది, దాన్ని పట్టుకున్న బోల్టునీ కొడుతుంది. అందుకని కొన్నాళ్ళు సంచుల్లో నీళ్ళు నింపి లెక్కపెడతారు, కొన్నాళ్ళు నీళ్ళు తోడేసి ఖాళీ సంచులతో లెక్కపెడతారు. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేది నీళ్ళ వాటా. చెప్పుకోవడానికి చిన్నపిల్లల లెక్క. చేయడానికి ఆమె యవ్వనమంతా పట్టింది. తోటివాళ్ళు ఇంతకన్నా తళుకుబెళుకుల పనులు వెతుక్కుని వెళ్ళిపోయినా ఆమె కదల్లేదు. నీళ్ళ అంకె తన చేతి మీదుగా బయటికి రావాలి, అంతే. ఆమె జీవితంలో ఇంత గట్టిగా ఇంకేదీ కోరుకోలేదు.

బావ అదే అంకెని ఇంకో దారిలో లెక్కగడుతున్నాడు. మనుషులకి తమకు కావలసిన జవాబే కనిపిస్తుందన్న భయంతో ఆ ల్యాబులో రెండు జట్లు పెట్టి, రెంటి మధ్యా గోడ కట్టారు. డిటెక్టరు లెక్కపెట్టిన అసలు సంఖ్యలు తాళం వేసిన ఫైల్లో ఉంటాయి. దాన్ని పెట్టె అంటారు. రెండు జట్లూ "మా పద్ధతి ఖాయం, ఇక ముట్టుకోం" అని చెప్పాకే పెట్టె తెరుస్తారు. తెరిచాక ఎవరూ ఏదీ మార్చకూడదు. రెండు అంకెలూ కలిస్తే పండగ. కలవకపోతే ఎవరి పద్ధతి గట్టిదో తేల్చి, రెండోదాన్ని పక్కన పడేస్తారు.

అంతా బాగానే ఉంది కానీ, ఈ గోడకి ఒక కిటికీ పెట్టారు. డిటెక్టరులో లోపం కనబడితే మాత్రం అందరికీ చెప్పి తీరాలి, ఎందుకంటే డిటెక్టరు అందరిదీ. లెక్కలో దిద్దుబాటు అయితే ఎవరికీ చెప్పకూడదు, అది జట్టు సొంతం. లోపం, దిద్దుబాటు. చదువుకున్నవాళ్ళు కూర్చుని రాసిన రూలు కదా, రెండు మాటలకీ తేడా అందరికీ తెలిసే ఉంటుందనుకున్నారు.

వసంతం మొదట్లో ఒక సాయంత్రం ఆమె గిన్నెలు కడుగుతుంటే బావ పక్కన నిలబడి తుడుస్తున్నాడు. ఆమెకు సంతోషం పట్టలేకుండా ఉంది. పని సంగతి కాకపోయినా పని అయిపోయిన సంగతి చెప్పొచ్చు కదా అనుకుంది.

"మాది ఖాయం చేసేశాం బావా. ఇవాళే రాసిచ్చేశాను. ఇక ముట్టుకునేది లేదు," అంది.

బావ పళ్ళేన్ని రెండోసారి తుడిచాడు. అది అప్పటికే పొడిగా ఉంది.

"మంచిది," అన్నాడు.

ఆ మాటలో ఆమెకు ఏ తేడా తోచలేదు. అలిసిపోయాడనుకుంది.

పెట్టె తెరిచిన రోజు హాలు కిక్కిరిసిపోయింది. తెర మీద ముందు ఆమె జట్టు చుక్క పడింది, దాని కిందా పైనా, అంకె ఎంత అటూ ఇటూ కావచ్చో చూపించే చిన్న గీత. తర్వాత బావ జట్టు చుక్క పడింది. రెండూ కలవలేదు. కలవకపోవడమంటే కొద్దిపాటి ఎడం కాదు, ఒకరి గీత ఒకరికి తగలనంత దూరం. ఆమె చుక్క బాగా కిందికి ఉంది. నీళ్ళని న్యూట్రినోలు అంత తక్కువ ఢీకొంటాయని ఏ సిద్ధాంతమూ చెప్పదు.

 ఎక్కడ పొరపాటు చేశానా అని ఆమె వేసిన ప్రతి అడుగూ మనసులో తిరగేసుకుంటూ ఉండగానే బావ లేచి వేదిక మీదికి వెళ్ళాడు. తన జట్టు పద్ధతి వివరిస్తూ ఒక పేజీ వేశాడు. దాని మీద పెద్ద అక్షరాలతో ఉంది: ఖాళీ సంచుల్లో మిగిలిన నీటికి దిద్దుబాటు.

"సంచులు ఖాళీ చేశాక మట్టం చూపించే గేజి సున్నా అనే చెబుతుంది," అన్నాడు బావ. "కానీ సంచి అడుగు ముడతపడి, నీళ్ళు లాగే గొట్టం మూతి కన్నా కిందికి జారింది. ఆ ముడతలో నీళ్ళు ఉండిపోతున్నాయి. మా జట్టు తోడే గొట్టానికి సొంతంగా ఒక మీటరు పెట్టుకుంది. నింపినంత నీరు బయటికి రావట్లేదని దాంతో తెలిసింది. ఆ మేరకు లెక్క సరిచేశాం."

హాల్లో మెచ్చుకోలుగా గుసగుసలు. వెనక వరసలోంచి ఎవరో అడిగారు. "ఎప్పుడు కనిపెట్టారండీ ఇది?"

"చలికాలంలోనే," అన్నాడు బావ.

చలికాలం వెళ్ళాక వసంతం వచ్చింది. వసంతంలో గిన్నెలు కడిగారు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఖాళీ సంచులనుకుని ఆమె తీసేసిన లెక్కలో నీళ్ళ వాటా కూడా పోయింది. ఆమె పద్ధతిలో తప్పు లేదు. సంచి అడుగున నీళ్ళున్నాయన్న ముక్క తెలియదు, అంతే. ఆ ముక్క తెలిసినవాడు నెలల తరబడి ఆమె పక్కన పడుకున్నాడు.

ఇంటికి వెళ్ళే దారిలో సిగ్నల్ దగ్గర కారు ఆగగానే ఆమె బావ వైపు తిరిగింది.

"అది లోపమా, దిద్దుబాటా?" అంది.

"నా ఉద్దేశంలో దిద్దుబాటే," అన్నాడు బావ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"సంచి ముడతపడింది. గొట్టం అందలేదు. గేజి అబద్ధం చెబుతోంది. ఇవన్నీ నీ లెక్కలో జరిగాయా, గోతిలో జరిగాయా?"

"చూడు, మేం సొంతంగా పెట్టుకున్న మీటరు వల్ల తెలిసింది. మీకూ పెట్టుకోవాలనిపించి ఉంటే మీరూ పెట్టుకునేవాళ్ళు."

"అంటే నేను అజాగ్రత్తగా ఉన్నాననా?"

"నేనలా అన్లేదు."

"మరేమన్నావు?"

 పచ్చ దీపం పడింది, వెనకవాడు హారన్ కొట్టాడు, కారు కదిలింది.

"నా ఇబ్బంది కూడా ఆలోచించు," అన్నాడు బావ. "నేను నోరు విప్పితే ఏమనేవాళ్ళు? పెళ్ళానికి చెప్పేశాడనరూ? మనిద్దరి మీదా మొదట్నుంచీ అందరికీ కన్నే. నేను ఒక్కసారి కూడా జారకుండా ఉండాలనుకున్నాను."

"పెళ్ళానికి చెప్పమని ఎవరడిగారు బావా? అందరికీ చెప్పమంది రూలు. ఆ అందరిలో నేనూ ఒకదాన్ని, అంతే."

బావ పక్కకి తిరిగాడు. అంతటి నిష్ఠని అర్థం చేసుకోని మనిషిని చూసినట్టు చూశాడు. అదే ఆమెకు ఒళ్ళు మండించింది. తప్పు చేసినవాడు తలొంచుకుంటే ఎలాగోలా సర్దుకోవచ్చు. తప్పు చేసి త్యాగం చేసినట్టు కూర్చునేవాడితో ఏం వేగాలి?

మర్నాడు ఆమె తన గదిలో తలుపేసుకుని, ఎవరికీ ఇవ్వడానికి కాదు, తను చూసుకోవడానికి, సంచుల్లో మిగిలిన నీటి కొలతని తన లెక్కలో వేసింది. ఆమె చుక్క బుద్ధిగా లేచి వెళ్ళి బావ చుక్క పక్కన కూర్చుంది. పైగా ఆమె గీత అతని గీత కన్నా పొట్టిది. ఆ ముక్క ముందే తెలిసి ఉంటే ఆమె అంకే గట్టిదని లోకం ఒప్పుకునేది. కానీ పెట్టె తెరిచేశారు. తెరిచాక వచ్చిన చుక్కకి ఏ విలువా లేదు. ఆమె తెర ఆర్పేసి, చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చింది.

తర్వాత కోపాన్ని దిగమింగి బావ జట్టు లెక్కంతా మొదట్నుంచీ సరిచూసింది. ఎక్కడైనా ఒక్క తప్పు దొరక్కపోతుందా అని వెతికిందన్న మాట ఎందుకు దాచాలి? దొరికితే బాగుండునని మనసారా కోరుకుంది. దొరకలేదు. బావ పనిమంతుడు. ఆ సంగతి ఆమెకు పెళ్ళికి ముందే తెలుసు.

పెద్దాయన ఆమెను పిలిపించాడు. గదిలో ఆయనతో పాటు, ఫలితాలు తేల్చే కమిటీ వాళ్ళు ఇంకో ఇద్దరున్నారు. బల్ల మీద టీ ఉంది, ఎవరూ తాగట్లేదు.

"మీ జట్టులో కొందరు గొణుగుతున్నారు," అన్నాడు పెద్దాయన. "మిగిలిన నీళ్ళ సంగతి అందరికీ చెప్పాల్సిందని. అది లోపమే అని తేలితే రూలు ప్రకారం దాచిపెట్టినవాళ్ళ ఫలితం కూడా చెల్లదు. రెండూ రద్దే. మళ్ళీ సంచులు మార్చి, మళ్ళీ నింపి, మళ్ళీ తోడి, మొదట్నుంచి మొదలెట్టాలి. దిద్దుబాటే అంటారా, మీ వారి ఫలితం బయటికి వెళ్తుంది. మీరు రెండు జట్లకీ దగ్గరి మనిషి. మీరేమంటారు తీసివేతమ్మగారూ?"

ఒక్క మాట చెబితే చాలు. లోపం అంటే నిజం చెప్పినట్టే, కానీ సరైన అంకె బుట్టదాఖలవుతుంది. దిద్దుబాటు అంటే సరైన అంకె బతుకుతుంది, తన పని మాత్రం తన చేతకానితనం వల్లే పాడైందని తనే సంతకం పెట్టినట్టు. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడే ఆమె నిర్ణయించుకుని వచ్చింది.

"వారి అంకె సరైనదేనండీ," అంది. "నేను మొదటి నుంచి చివరిదాకా సరిచూశాను. కానీ అది లోపమే. సంచిది, గొట్టానిది, గేజిది. అందరికీ చెప్పాల్సింది. చెప్పలేదు. నన్ను ఏమనుకున్నా సరే, నా మాట ఇంతే."

పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయన మొహం తేలికపడింది.

"అంకె సరైనదే అని మీరే అంటున్నారు కదా?"

"అంకె గురించి అడిగితే అవునండీ."

"మరి ఇంకేంటమ్మా సమస్య?"

"మీరు అడిగింది అంకె గురించి కాదండీ. లోపమా, దిద్దుబాటా అని అడిగారు."

కమిటీలో ఒకావిడ గొంతు సవరించుకుంది. "మీరు భార్య కదా. మీరు సమర్థిస్తే మొగుడు కాబట్టి అంటారు, తప్పుపడితే ఇంట్లో ఏదో గొడవ కాబట్టి అంటారు. అందుకని ఈ విషయంలో మీ మాట లెక్కలోకి తీసుకోకపోవడమే మర్యాద అనుకుంటున్నాం."

"అంకె సరైనదన్న మాట కూడా తీసుకోరా?"

"అది సాంకేతికమైన మాట," అన్నాడు పెద్దాయన. "అది తీసుకుంటాం."

ఆమెకు నవ్వొచ్చింది, నవ్వలేదు. ఆమె నోట్లోంచి వచ్చిన రెండు మాటల్లో వాళ్ళకి పనికొచ్చేది వాళ్ళు ఉంచుకున్నారు. ఆ వారమే ప్రకటించారు. మిగిలిన నీరు దిద్దుబాటు కిందికే వస్తుందని, బావ జట్టు ఫలితం బయటికి వెళ్తుందని. ప్రకటించేటప్పుడు పెద్దాయన ఒక మాట కలిపాడు. ఒకే కప్పు కింద ఉండి కూడా రహస్యం కాపాడిన దంపతులు ఈ ల్యాబుకే ఆదర్శమన్నాడు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. బావ మొహమాటంగా తల వంచి, చెయ్యి చాపి ఆమెను చూపించాడు. అందరూ ఇటు తిరిగారు. ఆమె కూర్చున్న చోటి నుంచి లేవలేదు.

ప్రయోగంలో ఉన్న ప్రతి ఒక్కరి పేరూ ఫలితాన్ని లోకానికి చెప్పే వ్యాసం మీద వేయడం అక్కడి ఆచారం, గెలిచినవాళ్ళదీ ఓడినవాళ్ళదీ. ఆమె తన పేరు తీసేయమని రాసిచ్చింది. "తీసేస్తే జనం ఏమనుకుంటారు?" అని బావ ఒకటికి రెండుసార్లు అన్నాడు. "ఏమైనా అనుకోనీ, అడిగితే చెబుతాను," అంది ఆమె. ఎవరూ అడగలేదు. ఇంకో ల్యాబులో ఉప్పు నీళ్ళతో ఇలాంటి కొలతే మొదలుపెడుతున్నారంటే, వస్తానని వాళ్ళకి రాసింది. వాళ్ళు రమ్మన్నారు. ఆ సంగతి ఇంట్లో చెప్పింది. అత్తగారు సగం విని, దూరమెంతని అడిగి, వారానికోసారైనా రావచ్చు కదా అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

వ్యాసం అచ్చయిన రోజు బావ ఒక ప్రతి ఇంటికి తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని, వేలితో ఒక్కో పేరూ కూడబలుక్కుంటూ చదవడం మొదలెట్టింది.

"ఇంతమందేంట్రా, ఓటర్ల లిస్టులా! ఒక్క అంకె కోసం ఇంత ఊరు కావాలా?" అంది. కొడుకు పేరు కనబడగానే గోటితో నొక్కి మురిసిపోయింది. మళ్ళీ మొదటికి వచ్చి వెతికింది. మూడో పేజీ దాకా వెళ్ళి తలెత్తింది.

"నీ పేరేదే అమ్మాయ్? నా కళ్ళకే ఆనట్లేదా?"

"లేదు అత్తయ్యా. నేనే తీయించుకున్నాను."

"అయ్యో, ఎందుకే? అంత కష్టపడ్డావు కదా!"

ఆమె బావ వైపు చూసింది. చెప్పు అన్నట్టు. బావ కుర్చీ ముందుకు జరుపుకుని, తల్లి చేతిలోంచి కాగితాలు మెల్లిగా తీసుకుని, అంచులు సరిచేసి బల్ల మీద పెట్టాడు.

"పోనీలేమ్మా," అన్నాడు. "ఎవరి పేరైతేనేం? వచ్చింది మనింటికే కదా."

ఆమె ఇన్నాళ్ళూ అతను రూలు కోసం నోరు మూసుకున్నాడో, పేరు కోసం మూసుకున్నాడో తేల్చుకోలేక నలిగిపోయింది. ఇప్పుడు అతని మొహంలోకి చూస్తే ఏ కపటమూ లేదు. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆమె దగ్గర్నుంచి ఏదైనా తీసుకున్నానని అతనికి ఈ క్షణం దాకా తోచనే లేదు. ఇంటికి రావలసింది ఇంటికి వచ్చింది, ఏ చేత్తో వస్తేనేం అనుకున్నాడు, అంతే. కుట్ర చేశాడని తెలిసినా ఆమెకు ఇంత బాధ కలిగేది కాదు.

"నా అంకె గెలిచి, నీది పక్కన పడేసి ఉంటే," అంది ఆమె, గొంతు పెంచకుండానే, "ఈ మాట అనేవాడివా బావా?"

అత్తగారు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. బావ వెంటనే అనేవాణ్ణే అనబోయి ఆగాడు. కాగితాల మీద చెయ్యి పెట్టుకుని ఆలోచించాడు. అబద్ధం ఆడే అలవాటు అతనికి ఎప్పుడూ లేదు.

"అనేవాణ్ణి కాదు," అన్నాడు.

"ఇది మాత్రం చెప్పావు," అంది ఆమె.